పాటకు ముందు మాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయాం. ముందు డిపోలోంచి బయటికొచ్చే బస్సులు, వెనక ఆటోలు, నెత్తిన ఎండ. పక్క సీట్లో మా అమ్మాయి. దానికి హెవీ మెటల్ పిచ్చి. అది నా నుంచే అంటుకుందని వాళ్లమ్మ ఆరోపణ, నేను కాదనను. కారెక్కితే మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. నేను ఒక పాత పాట వినిపిస్తాను, అది ఒక కొత్త పాట వినిపిస్తుంది, ఎవరి పాటా మధ్యలో ఆపకూడదు. ఆ రోజు దాని వంతు. ఫోన్ చేతిలో పట్టుకుని, "డాడీ, ఇది వినే ముందు నీకొకటి చెప్పాలి, ఈ డ్రమ్స్ వాయించే అతనున్నాడే..." అని మొదలుపెట్టింది. నేను అద్దంలో వెనక ఆటోను చూసుకుంటూ, "ముందు మాటలెందుకే, పాట పెట్టు" అన్నాను. అది మూతి ముడుచుకుని పాట పెట్టింది. సిగ్నల్ ఎప్పుడు మారిందో నాకు తెలీదు. వెనక వాళ్లు హారన్లు కొడుతున్నా కారు కదల్లేదు. "డాడీ, ఏమైంది?" అని అది భుజం మీద చెయ్యి వేసేదాకా స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ముందు మాటలెందుకన్న ఆ మాట, అవే పదాలతో, నేను ఒకప్పుడు ఇంకొకరితో అన్నాను. ముప్పై ఏళ్లు కావస్తోంది.

ఆ ఇంకొకరు మా బావ. మేనత్త కొడుకు, నాకంటే ఏడేళ్లు పెద్ద. వరసకు నేను అతనికి బావమరిదిని గానీ మా వైపు మగవాళ్ల మధ్య ఆ లెక్కలుండవు. అతనూ నన్ను బావా అనే పిలిచేవాడు. నన్నే కాదు, సగం విశాఖపట్నాన్ని అలాగే పిలిచేవాడు. మావయ్య పోర్టులో కళాసీగా చేసి పోయాక, అత్తా బావా వన్‌టౌన్‌లో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవారు. ఆ ఇంటి కిటికీలోంచి సముద్రం కనిపించేది కాదు. క్రేన్ల మెడలు, అప్పుడప్పుడూ ఓడ మీది జెండా కనిపించేవి. కిటికీ చెక్క మీద రోజూ ఇనప ఖనిజం దుమ్ము ఎర్రగా పరుచుకునేది. అత్త రోజూ తుడిచేది, తుడిచిన గుడ్డను చూసి రోజూ ఆశ్చర్యపోయేది.

బావ ఓడలకు కూరగాయలు, గుడ్లు, మాంసం అందించే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. పదో తరగతి తప్పాడు. ఇంగ్లీషు ఓడల వంటగదుల్లో నేర్చుకున్నాడు. ఆ ఇంగ్లీషులో క్రియలుండవు. "యూ చిల్లీ, మీ మ్యూజిక్" అనేవాడట. అలా ఒక ఫిలిప్పీన్స్ వంటవాడి దగ్గర బుట్టెడు పచ్చిమిరపకాయలకు మొదటి కేసెట్ సంపాదించాడు. ఆ తర్వాత రష్యా వాళ్లు, గ్రీసు వాళ్లు, పోలండు వాళ్లు. ఎండు నెత్తళ్ల చేపలకు రెండు కేసెట్లు, అత్త పెట్టిన ఆవకాయకు ఏకంగా నాలుగు. అన్నీ రాక్, హెవీ మెటల్. అట్టల మీద కపాలాలు, మంటలు, నల్ల గుర్రాలు. మనకు తెలియని లిపుల్లో పేర్లు. పేర్లు చదవడం రాక బావ తనే పెట్టుకునేవాడు. ఒకటి క్రేన్ పాట. ఒకటి తుఫాను పాట. డ్రమ్ములు మరీ వేగంగా మోగే పాటకు అప్పడాల పాట అని పేరు. ఎవరో అప్పడాల దొంతర మీద నడుస్తున్నట్టుంటుందట. ఆ పాటల అసలు పేర్లు నాకు తర్వాత తెలిశాయి. వాటితో నాకు పని పడలేదు.

అప్పట్లో నేను దువ్వాడ దగ్గర కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆదివారం లోకల్ బస్సులో వన్‌టౌన్ వెళ్లి, అత్త చేతి చేపల పులుసు తిని, సాయంత్రానికి ఒక కేసెట్‌తో తిరిగి వచ్చేవాణ్ణి. బావ దగ్గర ఒక నావికుడు వదిలేసిన, రెండు కేసెట్లు పట్టే డబుల్ డెక్ టేప్ రికార్డర్ ఉండేది. ఒక అరకు తలుపు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నిలబెట్టాడు. అందులో వారమంతా నాకోసం పాటలు ఎక్కించేవాడు. ఊరికే ఎక్కిస్తే సరిపోయేది. ప్రతి పాటకూ ముందు మైకు నొక్కి మాట్లాడేవాడు. ఆ పాట ఏ ఓడ మీంచి వచ్చింది, ఇచ్చినవాడికి ఎంతమంది పిల్లలు, ఆ రోజు ఓడ మీద ఏం కూర వండారు, పాటలో అసలేం చెప్తున్నారు, అన్నీ. పాటలో చెప్పేది అతనికి తెలిసే అవకాశం లేదు, కల్పించి చెప్పేవాడు. "ఇది లైటౌస్ కాసే ముసలోడి పాట బావా. ఆడు దీపం ఎలిగించి ఎలిగించి ముసలోడైపోనాడు. ఆడి కోసం మాత్రం ఒక్క ఓడా ఆగదు. మద్దెలో గిటార్ ఏడుత్తాది, అక్కడ ఇను" అనేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ పాట సాహిత్యం చదివాను. అందులో లైట్‌హౌసూ లేదు, ముసలివాడూ లేడు. అయినా గిటార్ మొదలవగానే ఇప్పటికీ నాకు కనిపించేది ఆ ముసలివాడే.

హాస్టల్ గదిలో నాతో ఇద్దరుండేవారు. గోదావరి వైపు కుర్రాడొకడు, కృష్ణా జిల్లా కుర్రాడొకడు. ఇద్దరి తండ్రులూ ప్రభుత్వోద్యోగులు. పాటలంటే చెవి కోసుకునేవారు. కానీ బావ మాట మొదలవగానే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. "నాను సెప్తన్నాను గదా బావా" అని బావ గొంతు పెట్టి ఒకడంటే, "ఏటి సేత్తన్నావ్ బావా" అని రెండోవాడు అందుకునేవాడు. మెస్సులో అన్నం వడ్డించుకుంటూ కూడా అవే మాటలు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లలో ఒకడు ఇప్పటికీ నాకు స్నేహితుడే. కానీ ఆ యాస నాది కూడా. ఊళ్లో మా నాన్న మాట్లాడేది అదే. కాలేజీకి వచ్చిన మొదటి నెలలోనే దాన్ని నోట్లోంచి తీసి పక్కన పెట్టేశాను. ఇప్పుడు కేసెట్ వేసిన ప్రతిసారీ అది గదిలోకి వచ్చి నడిమధ్యన కూర్చునేది.

అందుకని కోయడం మొదలుపెట్టాను. పై గదిలో సీనియర్ ఒకాయన దగ్గర డబుల్ డెక్ ఉండేది. బావ కేసెట్‌ను ఒక అరలో, ఖాళీ కేసెట్‌ను రెండో అరలో వేసి, మాట రాగానే పాజ్ నొక్కేవాణ్ణి, పాట మొదలయ్యే క్షణానికి వదిలేవాణ్ణి. వేలు కాస్త ఆలస్యమైతే పాట తల తెగుతుంది. కాస్త ముందైతే మాట తోక మిగులుతుంది. వారం తిరక్కుండా చెయ్యి కుదిరింది. నా కాపీలు శుభ్రంగా ఉంటాయని పేరొచ్చింది. హాస్టల్ నుంచి హాస్టల్‌కు, అక్కణ్ణుంచి మద్దిలపాలెంలో కేసెట్లు రికార్డు చేసే ఒక కొట్టుకు, ఆ కొట్టు నుంచి ఊళ్లోకి వెళ్లాయి. ఖాళీ కేసెట్లు దొరక్క, బావ ఇచ్చిన అసలు కేసెట్ల మీదే కొత్త పాటలు ఎక్కించుకునేవాణ్ణి. ఉన్నది చెరిగిపోకూడదని అతను కేసెట్ మూలల్లో విరగ్గొట్టి ఇచ్చిన బొడిపెల చోట నేనే కాగితం ముక్కలు కుక్కి, పైన టేపు అంటించి, చెరిపాను.

ఒక ఆదివారం అత్త ఇంట్లో అన్నం తింటూ ఉండగా బావ అడిగాడు, "ఎలగుంది బావా పోయినవారం కేసెట్టు?" నోట్లో ముద్ద పెట్టుకుని, "పాటలు బాగున్నాయి. ముందు మాటలెందుకు బావా? పాట పెట్టు చాలు" అన్నాను. బావ నవ్వాడు. "పాటొక్కటే ఇత్తే ఎవుడిచ్చాడో ఎలాగ తెలుత్తాది?" అన్నాడు. అంతే. ఆ వారం కేసెట్‌లో కూడా మాటలున్నాయి. నేనూ మామూలుగానే కోశాను.

తొంభైల చివర్లో నాకు ఈ ఊళ్లోనే ఉద్యోగం, ఉండటానికి క్వార్టర్స్ వచ్చాయి. అదే ఏడు బావకు ఒక విదేశీ ఓడలో వంటవాడి సహాయకుడిగా పని దొరికింది. సరుకులు మోస్తూ ఎక్కి దిగిన ఓడల్లో ఒకదాని మీద ఓడ మనిషిగా వెళ్తున్నానని సంబరపడ్డాడు. "నెలనెలా కేసెట్టంపుతాను, ఓడ మీదే రికార్డు సేత్తాను" అన్నాడు. ఆ ఓడ మన పోర్టులోనే ఖనిజం ఎత్తుకుని బయల్దేరింది. నేనూ అత్తా బీచ్ రోడ్డు మీద నిలబడి చూశాం. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి మెల్లగా బయటికొచ్చి, ఎండలో ముందు గోధుమరంగుగా, తర్వాత బూడిదరంగుగా కనిపించి, తర్వాత కనిపించలేదు. అత్త ఇంటికి వచ్చి కిటికీ చెక్క తుడిచింది.

ఒక ఉత్తరం వచ్చింది. ఒకసారి ఫోను వచ్చింది, పక్కింటివాళ్లకి. ఆ తర్వాత వర్షాకాలంలో ఏజెంటు ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి కూడా చాలాసేపు నిలబడే ఉన్నాడు. ఎక్కడో తూర్పు సముద్రాల్లో తుఫాను, ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది, పదకొండుమంది దొరికారు. దొరికినవాళ్లలో బావ లేడు. అత్త అతనికి మంచినీళ్లిచ్చింది. "దొరకలేదన్నారు గానీ పోయాడనలేదు గదా బాబూ" అంది. అతను గ్లాసు చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. ఏడాది దాకా అత్త ఏ కర్మా చెయ్యనివ్వలేదు. రోజూ అన్నం వండేటప్పుడు గుప్పెడు బియ్యం ఎక్కువే పోసేది.

అప్పుడే ఆ తోకలు నన్ను పట్టుకున్నాయి. మాట తోకలని చెప్పానే, నా వేలు జారినచోట మిగిలిపోయినవి. క్రేన్ పాటకు ముందు ఒక చిన్న దగ్గు. తుఫాను పాటకు ముందు ఊపిరి పీల్చిన చప్పుడు. అప్పడాల పాటకు ముందు "బా" అని ఒక్క అక్షరం, బావా అనబోతుండగా కోసింది. ఎన్నోసార్లు విన్నవే, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు పాట కోసం కాక వాటి కోసం ఎదురుచూసేవాణ్ణి. చివరికి క్వార్టర్స్‌లో కేసెట్లు వేయడమే మానేశాను. అయినా వదల్లేదు. ఒకరోజు మద్దిలపాలెంలో టీ తాగుతుంటే పక్క కొట్లో అప్పడాల పాట మొదలైంది. గిటార్‌కు ముందు "బా". అది నా కాపీకి కాపీ. ఊరంతా తిరిగి వచ్చి నా చెవిలో పడింది. గ్లాసు బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

ఏడాది గడిచాక ఒకరోజు అత్త నన్ను పిలిపించింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునుంది. "మొకం గురుతుంది. పొటో ఉంది. గొంతే పోతందిరా" అంది. "రోజూ కొంచెం కొంచెం పోతంది. నిన్న ఆడు అమ్మా అని ఎలాగ పిలిచేవోడో తలుసుకుందావంటే రాలేదు. నీకిచ్చిన కేసెట్లలో ఆడు మాటాడేవోడు గదా. ఒక్కసారి ఇనిపించు."

నా దగ్గర అరవై కేసెట్లున్నాయి. అరవైలో ఒక దగ్గు, ఒక ఊపిరి, ఒక "బా" ఉన్నాయి. "బూజు పట్టేశాయత్తా" అన్నాను. సముద్రపు గాలికి ఈ ఊళ్లో కేసెట్లకు బూజు పట్టడం మామూలే కాబట్టి ఆ అబద్ధం తేలిగ్గా వచ్చింది. "అన్నీనా?" అంది. "అన్నీ" అన్నాను. అత్త మళ్లీ చేటలోకి చూసుకుంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోందని నాకు అర్థమైంది.

ఆ తర్వాత రెండు నెలలు సెలవు దొరికిన ప్రతిరోజూ తిరిగాను. హాస్టల్ మిత్రుల దగ్గరికి వెళ్లాను, మద్దిలపాలెం కొట్టువాడి దొంతరలన్నీ దింపించాను. అన్నీ నా చేత్తో కోసినవే. చివరికి ఏదో మాటల్లో అత్తే అంది, "ఆనందపురంలో ఒక ట్రాక్టరోడికి కూడా ఇచ్చేవోడురా. ఓడలకి కూరలు ఆడి దగ్గరే కొనేవోడు." నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ తెలీదు. మర్నాడే బస్సెక్కాను.

ఆనందపురం జంక్షన్‌లో దిగి అడిగితే, "ఇంగిలీసు గోల పెట్టుకుని దున్నుతాడు, ఆడేనా?" అని నవ్వి దారి చూపించారు. వంగతోట పక్కన ట్రాక్టర్ ఆపి ఉంది. నలభై ఏళ్ల మనిషి, తలకు తువ్వాలు. నేనెవరో చెప్పాను. బావ సంగతి అతనికి కాంట్రాక్టరు ద్వారా తెలుసట. తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. ట్రాక్టర్ సీటు కింద రేకు పెట్టెలోంచి మట్టి గుడ్డలో చుట్టిన కేసెట్ తీశాడు.

"ఇంకా ఉండేయి బాబూ, టేపు నమిలేసింది. ఇదొక్కటే మిగిలింది" అన్నాడు.

"పాటలు బాగుంటాయా?" అని అడిగాను. ఏం అడగాలో తెలియక అడిగాను.

"పాటలు నాకేటి తెలుత్తాయి? మాటలకోసం పెడతాను. మాటలైపోయాక పాటొత్తాది, మల్లీ మాటలొచ్చీవరకూ ఓపిక పట్టుకుంటాను" అన్నాడు.

అక్కడే, ట్రాక్టర్ మీదున్న టేపులో వేశాడు. ముందు దూరంగా ఓడ కూత. తర్వాత గరగర. తర్వాత బావ. "అవుతందా? ఆఁ, అవుతంది. ఏటి ఆనందపురం బావా, వంకాయలు ఎలాగున్నాయి?" నేను ట్రాక్టర్ చక్రం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. వంకాయల గురించి, ఆ వారం వచ్చిన గ్రీకు ఓడ గురించి చెప్పి, ఆగి, అన్నాడు: "ఇయ్యే పాటలు మా బావక్కూడా ఇచ్చాను. ఆడు నా మాటలన్నీ కోసేత్తాడు. నాకు తెల్సులే. మద్దిలపాలెం కొట్లో ఇన్నాను, పాటలున్నాయి, నాను లేను. సదూకున్న పిల్లల మద్దెన ఆడికి సిగ్గేత్తాది, మరేటి సేత్తాడు. పాటలు పదిమందికీ ఎల్తన్నాయి గదా, అదే సాలు. నువ్వు మాత్రం కొయ్యకు బావా. ఒక్క కాపీలోనైనా నన్నుండనీ." తర్వాత నవ్వు. తర్వాత గిటార్.

రైతు ఇంజన్ వైపు తిరిగి దేన్నో తుడుస్తున్నట్టు నటించాడు. నన్ను చూడకుండానే, "పట్టుకెళ్లండి. మల్లీ తెండి" అన్నాడు.

ఆ రోజే క్వార్టర్స్‌కు వచ్చి కాపీ తీసుకోవడానికి కూర్చున్నాను. అప్పటికి నాకు సొంత డబుల్ డెక్ ఉంది. వంకాయలయ్యాయి, గ్రీకు ఓడ అయింది. "ఇయ్యే పాటలు మా బావక్కూడా" అనగానే నా వేలు దానంతట అదే వెళ్లి పాజ్ మీద కూర్చుంది. ఆ ఐదారు మాటలు తీసేస్తే అత్తకు కొడుకు గొంతు దక్కుతుంది, నాకు బూజు అబద్ధం దక్కుతుంది. అంత సులువు. ఆ పని ఈ ఊళ్లో నాకంటే బాగా చేసేవాడు లేడు. వేలు అక్కడే ఉంది. బావ మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్క కాపీలోనైనా అన్నప్పుడు చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

మర్నాడు అత్త ఇంట్లో, బావ టేప్ రికార్డర్‌లోనే వేశాను. అత్త గోడకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. గొంతు రాగానే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోసేత్తాడు అన్నచోట తల తిప్పి నన్ను చూసింది. నేను నేల చూశాను. పాట మొదలైంది. అది సగంలో ఉండగా, రికార్డు చేస్తున్నప్పుడు మైకు మూయడం బావ మర్చిపోయినట్టుంది, పాట వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. గట్టిగా, కోపంగా, అప్పటి అత్త గొంతు: "ఒరే, ఆ గోల ఆపరా! సెవులు పగిలిపోతన్నాయి!" వెంటనే బావ: "అమ్మా, ఒక్క పాటే, అయిపోతంది!"

అత్త ఉలిక్కిపడింది. తన గొంతును తనే ఎవరిదో అన్నట్టు విన్నది. కొడుకు నోట అమ్మా అన్న మాట గదిలో పడి, గిటార్ కింద కలిసిపోయింది. నేను లేచి ఆపబోయాను. "ముట్టుకోకు" అంది. "అవనీ. ఒక్క పాటే అన్నాడు గదా."

ఆ హోరంతా, డ్రమ్ములూ అరుపులూ అన్నీ, చివరిదాకా విన్నది. అయ్యాక, "బూజు పట్టలేదన్నమాట" అంది. నేను ఏడ్చాను. దగ్గరికి రమ్మని పిలవలేదు, తిట్టనూ లేదు. "ఆడు సెప్పేడు గదరా, సిగ్గేసిందని. ఆడికి కోపం నేదు. నాకు కొంచెం ఉంది. ఉండనీ కొన్నాళ్లు" అంది. ఆ నెలలోనే తనంతట తనే కబురు చేసి, బావకు చెయ్యాల్సిన కర్మ చేయించింది. గుప్పెడు బియ్యం ఎక్కువ పోయడం మానేసింది. కోపం కొన్నాళ్లు నిజంగానే ఉంది. ఆరేడు నెలలు నాకు చేపల పులుసు పెట్టలేదు. తర్వాత ఒక ఆదివారం పెట్టింది.

అసలు కేసెట్ రైతుకు తిరిగిచ్చాను. కాపీ అత్త దగ్గర ఉండేది. రెండువేల పదికి ముందే అత్త పోయింది, కాపీ నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఆ పాటలన్నీ మచ్చలేకుండా దొరుకుతాయి. అప్పడాల పాట ఎంత శుభ్రమైన రికార్డింగ్‌లో విన్నా, గిటార్‌కు ముందు, ఏమీ లేనిచోట, నాకు "బా" వినిపిస్తుంది. అమ్మాయికి వినిపించదు. ఒకసారి అడిగి చూశాను.

బావ వెళ్లిపోయేటప్పటికి అతనికి ఇరవై తొమ్మిది. నాకంటే ఏడేళ్లు పెద్ద కాబట్టి ఆ గొంతు విన్నప్పుడల్లా కిందనుంచి పైకి చూస్తున్నట్టుండేది. తర్వాత ఒకటి రెండేళ్లు సమవయస్కుల్లా ఉన్నాం. ఇప్పుడు నాకు యాభై దాటింది. అతనింకా ఇరవై తొమ్మిదిలోనే ఉండి, చిన్నపిల్లాడి ఉత్సాహంతో నాకు పాటలు చెప్తున్నాడు. నడుస్తూ వచ్చింది నేను ఒక్కణ్ణే, ఎప్పుడు అతన్ని దాటేశానో ఆ రోజు మాత్రం నాకు గుర్తులేదు.